పద్నాలుగో స్లైడు

మా మేడమ్‌ని యూనివర్సిటీలో అందరూ చాటున "మరుగుదొడ్ల ప్రొఫెసరు" అనేవారు. మొహం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు. ప్రజారోగ్యం కూడా ఒక చదువేనని, దాన్ని డిగ్రీ పిల్లలకు క్లాసులో కూర్చోబెట్టి చెప్పాలని మొట్టమొదట పట్టుబట్టింది ఆవిడే. లెక్కల వాళ్ళకు మేడ ఇచ్చారు, చరిత్ర వాళ్ళకు వరండా ఉన్న హాలు ఇచ్చారు, ఈవిడకు మెట్ల కింద గది పడేశారు. మొదటి ఏడు ముగ్గురే విద్యార్థులు. అందులో ఒకడు గది పొరబడి వచ్చి, లేచి వెళ్ళడానికి మొహమాటపడి ఉండిపోయాడు.

నేను ఆ శాఖకు అటెండర్ని. స్లైడ్ల మిషను తిప్పేది నేనే కాబట్టి పిల్లలు నన్ను బల్బు బాబాయ్ అనేవారు. నాకు ముఖ్యమైన పనులు రెండే. బల్బు మాడిపోకుండా చూసుకోవడం, ఉపన్యాసానికి ముందు మేడమ్ బల్ల మీద గ్లాసు నిండా మంచినీళ్ళు పెట్టడం. ఆవిడ మొదలుపెడితే గంటసేపు ఆగేది కాదు. మధ్యలో గొంతు ఎండిపోయేది.

వారానికి రెండు రోజులు పిల్లల్ని వెంటేసుకుని వీధుల్లో పడేది. అట్టల మీద బొమ్మలు పట్టుకుని వెనకాల నేను. "తలుపు కొట్టని ప్రొఫెసరు ఎందుకయ్యా, దండగ!" అనేది. ఒకసారి చేతులు కడుక్కోవడం గురించి చెబుతుంటే ఒక ముసలాయన అంతా విని, "చేతులు సబ్బు కడుగుతుంది, సరే. ఆ సబ్బును ఎవరు కడుగుతారమ్మా?" అన్నాడు. దారి పొడుగునా మేడమ్ నవ్వుతూనే ఉంది. ఆ రోజుల్లో ఆవిడకు నవ్వు దగ్గరలోనే ఉండేది.

రెండో ఏడు ఎండాకాలంలో ఊళ్ళో విరేచనాలు వ్యాపించాయి. మేడమ్ రోజుకు నలభై ఇళ్ళు తిరిగింది. మెడలో కెమెరా ఉండేది. ఆ ఫోటోల్లో ఒకటి తర్వాత పద్నాలుగో స్లైడయింది. రెండేళ్ళ పిల్లాడు, కళ్ళు లోపలికి పోయి, పెదాలు పగిలి, తల్లి ఒళ్ళో ఉంటాడు. తల్లి మొహం ఫోటోలో పడలేదు. పిల్లాడి పొట్ట మీద ఆవిడ చెయ్యి మాత్రం కనిపిస్తుంది. చూపుడువేలు పక్కకు వంకరపోయి ఉంటుంది. ఫోటో తీసిన మర్నాడే పిల్లాడు పోయాడని తెలిసింది.

ఏటా శాఖ పుట్టినరోజున పెద్ద హాల్లో బహిరంగ ఉపన్యాసం ఉండేది. ఎవరైనా రావచ్చు. పద్నాలుగో స్లైడు గోడ మీద పడగానే మేడమ్ గొంతు గట్టిపడేది.

"ఈ బిడ్డను చంపింది జబ్బు కాదు. తల్లి అజ్ఞానం. పక్కనే చెంబులో నీళ్ళున్నాయి. గుక్కెడు పొయ్యలేదు."

నాకు కూడా ఆ తల్లి మీద ఒళ్ళు మండేది.

వెనక వరసలో ఒకావిడ కూర్చునేది. ఆసుపత్రిలో చిరిగిన దుప్పట్లు కుట్టే గదిలో పని. ఒక ఏడు ఆసుపత్రి సిబ్బంది అందర్నీ ఉపన్యాసానికి తోలుకొచ్చారు, అప్పుడొచ్చింది. ఆ తర్వాత ఎవరూ పిలవకపోయినా ఏటా వచ్చేది. పద్నాలుగోది వచ్చేదాకా కదిలేది కాదు, అది పోగానే లేచి వెళ్ళిపోయేది. పనుందేమో అనుకున్నాను. ఎన్నో ఏళ్ళకు ఒకసారి తలుపు దగ్గర గొడుగు తీసుకుంటుంటే ఆవిడ చూపుడువేలు చూశాను. పక్కకు వంకరపోయి ఉంది.

ఎవరికీ చెప్పలేదు. ఆ ఏటి నుంచి పద్నాలుగోది కాస్త ఎక్కువసేపు ఉంచేవాణ్ణి. మేడమ్ "తర్వాతది" అనేది. "మిషను మొరాయిస్తోంది మేడమ్" అనేవాణ్ణి. అంతకన్నా మంచి పని నా ఉద్యోగంలో ఇంకోటి చెయ్యలేదు.

కానీ నా నోట్లో నువ్వుగింజ నానదు. మేడమ్ రిటైరయ్యే ఏడు, ఆఖరి ఉపన్యాసానికి ముందు రోజు, స్లైడ్లు తుడుస్తూ ఉండబట్టలేక చెప్పేశాను.

మేడమ్ మొహం వెలిగిపోయింది. "ఇరవై రెండేళ్ళుగా వస్తోందా! చేసిన తప్పు తెలుసుకుని నేర్చుకుంటోందయ్యా. ముప్ఫై ఏళ్ళు నేను గొంతు చించుకున్నదానికి ఇంతకన్నా ఏం కావాలి? రేపు ఆవిణ్ణి వేదిక మీద కూర్చోబెడదాం. పద."

దుప్పట్ల గది ఆసుపత్రి వెనకాల ఉంది. నడుం ఎత్తు గుట్టల మధ్య ఆవిడ కుట్టుమిషను తొక్కుతోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"పద్నాలుగో స్లైడులో పిల్లాడు నీ కొడుకేనటగా?" అంది మేడమ్ ఆప్యాయంగా.

"అవునమ్మా."

"రేపు నువ్వే నాలుగు మాటలు చెప్పాలి. అప్పుడు తెలియక నీళ్ళివ్వలేదని, ఇప్పుడు తెలిసిందని."

ఆవిడ సూది జాకెట్టుకు గుచ్చుకుంది. కోపంగా కాదు, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"తెలియక కాదమ్మా. మీరే చెప్పారు. మా వీధి మొదట్లో నిలబడి అట్ట చూపించి చెప్పారు. 'విరేచనాలు పట్టుకుంటే పేగులకు విశ్రాంతి కావాలి. ఒక రోజంతా అన్నం వద్దు, నీళ్ళు వద్దు. ఏడ్చినా సరే, మనసు గట్టి చేసుకోవాలి.' వాడు చెంబు వైపే చూస్తుంటే చెంబు గూట్లో దాచేశాను. మా అత్తగారు పోస్తానంటే ఆవిడతో పోట్లాడాను. చదువుకున్నావిడ చెప్పింది, మీకేం తెలుసు అన్నాను."

ఆ అట్ట పట్టుకున్నది నేనే. అప్పుడు అన్ని పుస్తకాల్లోనూ అదే ఉండేది. శాఖ పెట్టిన ఎనిమిదో ఏట మేడమ్ ఏదో పెద్ద సభకు వెళ్ళొచ్చి, విరేచనాలకు నీళ్ళే ప్రాణమని చెప్పడం మొదలుపెట్టింది. పాత కరపత్రాలన్నీ మూటగట్టి తగలబెట్టమంది. పాఠం మారింది కానీ, పాత పాఠం తప్పని మేము ఎవరితోనూ అనలేదు. అన్నిటికన్నా ముందు మేమే మర్చిపోయాం.

మేడమ్ దుప్పట్ల మీద కూలబడింది. "ఇన్నేళ్ళు నా ఎదురుగా కూర్చుని ఆ మాటలు పడ్డారు. ఒక్కసారి లేచి అబద్ధమని అనలేకపోయారా?"

"అంటే ఆ బొమ్మ తీసేస్తారేమోనని భయమమ్మా. వాడిది ఇంకో ఫోటో లేదు."

తిరిగి వచ్చాం. మేడమ్ మెట్ల దగ్గర ఆగి, "ఆ కరపత్రాలు తగలబెట్టింది నువ్వే కదూ?" అంది.

"మీరు చెబితేనే కదా మేడమ్."

"అవును. నేను చెబితేనే," అంది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు పడ్డ పాటంతా ఆ మాటలో కూలిపోవడం నాకు కనిపించింది. ఎందుకు చెప్పానురా భగవంతుడా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు హాలు కిక్కిరిసింది. అప్పట్లో ఎగతాళి చేసినవాళ్ళే ముందు వరసలో పూలగుత్తులతో కూర్చున్నారు. మేడమ్ మిగతా స్లైడ్లు వద్దంది. "పద్నాలుగోది ఒక్కటే వెయ్యి. అయ్యాక ఆ గాజుపలక ఆవిడకిచ్చెయ్యి."

వేశాను. పిల్లాడు గోడంత అయ్యాడు.

"ఈ తల్లి అజ్ఞాని అని మీకు ఇరవై రెండేళ్ళు చెప్పాను. అది అబద్ధం. ఆమె నా మొదటి విద్యార్థుల్లో ఒకరు. నా మాట జవదాటలేదు. బిడ్డకు నీళ్ళివ్వొద్దని ఆమెకు చెప్పింది నేను."

ఆ తర్వాత ఆవిడకు మాట రాలేదు. పెదాలు కదిలాయి, గొంతు పెగల్లేదు. అలవాటుగా చెయ్యి గ్లాసు కోసం వెతికింది. బల్ల మీద గ్లాసు లేదు. అన్నేళ్ళలో మొదటిసారి నేను నీళ్ళు పెట్టడం మర్చిపోయాను. హాల్లో ఇంతమందిమి ఉండి ఒక్కరం కదల్లేదు.

వెనక వరసలో కుర్చీ చప్పుడయింది. దుప్పట్లు కుట్టే ఆవిడ లేచి తలుపు వైపు వెళ్ళింది. వెళ్ళిపోతోందనుకున్నాను. వరండాలో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. నిండు గ్లాసు రెండు చేతులా పట్టుకుని, కుర్చీల మధ్య నుంచి మెల్లగా నడిచి వచ్చింది. కొడుకు బొమ్మ ముందు నుంచే వెళ్ళింది కానీ, తలెత్తి చూడలేదు.

"తాగండమ్మా," అంది. "ఒక్కసారే కాదు, కొంచెం కొంచెంగా."