జడ్జిగారి చొక్కా బొత్తాలు

మా జడ్జిగారికి తొమ్మిదేళ్ళు. నా ఒక్కగానొక్క కూతురు. మాటలు రావు. ఎదుటివాళ్ళను పైనుంచి కిందికి ఒకసారి చూసి తల తిప్పేసుకుంటుంది, దాంతో వాళ్ళ కేసు కొట్టేసినట్టే. అందుకే మా ఆయన ఆ పేరు పెట్టారు.

అది చదివే ప్రత్యేక పాఠశాలకు ఈ ఏడు ట్రైనింగుకని ఒక పంతులమ్మ వచ్చి, సరాసరి నా కూతురి పక్కనే కూర్చుంది. ఊదితే ఎగిరిపోయేలా ఉంది. మనసులోనే పుల్లమ్మ అని పేరు పెట్టేశాను. ఈత రానివాళ్ళు నేర్చుకోవడానికి నా బిడ్డే దొరికిందా చెరువు అని మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు.

పిల్లకు చొక్కా బొత్తాలు పెట్టుకోవడం నేర్పడం పుల్లమ్మ పని. రోజూ నోట్సులో గడులు నింపేది: చెయ్యి పట్టుకుని చేయించిందా, మోచేతిని తాకితే చేసిందా, చెబితే చేసిందా, తనంతట తానే చేసిందా. రెండు నెలలైనా ఆఖరి గడి ఖాళీ.

అప్పుడు స్కూలు వ్యాను డ్రైవరు చల్లగా చెప్పాడు. "వచ్చే వారం ట్రైనింగు కాలేజీ సారు వస్తున్నాడమ్మా. ఏమీ రాని పిల్లల పేర్లు కొట్టేస్తారంట."

ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పేదాంట్లో సగం అబద్ధం. అయినా చెడ్డవార్తంటే నేను ఎవరు చెప్పినా నమ్ముతాను. పేరు కొట్టేస్తారు, పిల్ల ఇంట్లో కూర్చుంటుంది, నేను పోతాను, ఆయన వంట చేస్తారు, అది తిని ఇద్దరూ పోతారు. నా ఆలోచన ఎప్పుడూ చివరి స్టాపు దాకా వెళ్ళి గానీ దిగదు.

కుట్టుమిషను ముందు కూర్చున్నాను. చొక్కాకున్న ఐదు కాజాలూ మూసి కుట్టేశాను. వాటి మీద బొత్తాలు అతికించి, లోపల నొక్కితే పట్టుకునే టిచ్ బటన్లు వేశాను. పైకి చూస్తే సలక్షణమైన చొక్కా.

"ఏం కుడుతున్నావే?" అన్నారు మా ఆయన.

"మీకెందుకు, మీ నోరు కాదులెండి."

సారు పుల్లమ్మ పాఠం చూడ్డానికి వచ్చిన రోజు వెనక కుర్చీలో కూర్చున్నాను. ముందు వరసలో కాలేజీ సారూ, మా స్కూలు హెడ్డమ్మా. పుల్లమ్మ "బొత్తాలు పెట్టుకో తల్లీ" అందో లేదో, టిచ్, టిచ్, టిచ్, టిచ్, టిచ్. మా జడ్జిగారికి ఆ చప్పుడు భలే నచ్చింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

"భేష్!" అన్నారు సారు. "రెండు నెలల్లోనే ఇంత పనా!"

పుల్లమ్మ వంగి చొక్కా అంచు పైకెత్తి చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా ఫ్యాను వైపు చూశాను. ఆయన సంతకం పెడితేనే ఈ పిల్ల పంతులమ్మ అవుతుంది. నోరు మూసుకోవే తల్లీ, నీకూ మంచిదే అని మొక్కుకున్నాను.

"సార్, ఇవి టిచ్ బటన్లు. బొత్తాలు పెట్టడం పాపకింకా రాలేదు. తనే చేసిందని రాయలేను."

"ఈ పాఠం లెక్కలోకి రాదు మరి, తెలుసా?"

"తెలుసు సార్."

నేను లేచి నిలబడ్డాను. "నీకేమన్నా మతి పోయిందా అమ్మాయ్? నీ సంతకం నీకు, నా బిడ్డ సీటు నా బిడ్డకు దక్కేవి కదా! ఇప్పుడు దాని పేరు కొట్టేస్తే నువ్వు పెంచుతావా?"

"పేరు కొట్టేస్తామని ఎవరన్నారమ్మా?" అంది హెడ్డమ్మ.

"వ్యాను డ్రైవరు."

"అతను బ్రేకులు బాగున్నాయన్నా నమ్మకండి. మేం ఎవరి పేరూ కొట్టెయ్యం. ఐదు బొత్తాలకూ ఆఖరి గడి నిండితే మాత్రం పాప, సొంతంగా పనులు చేసుకునే పిల్లల పెద్ద గదికి వెళ్తుంది. అక్కడ ఇరవై మందికి ఒక్క ఆయా. బాత్రూముకు ఎవరి పాటికి వాళ్ళే వెళ్ళాలి."

మా పిల్లకు తలుపు గడియ వేసుకోవడం వచ్చు, తియ్యడం రాదు. ఆ తలుపు వెనక్కి దాన్ని నా చేతులతో నేనే తోసేదాన్ని.

"ముందు నన్నొక మాట అడగాల్సింది ఆంటీ," అంది పుల్లమ్మ. కళ్ళలో నీళ్ళున్నాయి. "అయినా తప్పు నాది కూడా. ఆ గడి ఖాళీగా ఉంటే భయం లేదని మీకు ఒక్కసారైనా చెప్పలేదు."

"చెప్పినా నమ్మేదాన్ని కాదులే. అది మంచివార్త కదా."

సారు నవ్వాపుకోవడానికి దగ్గారు. "పది రోజుల్లో మళ్ళీ వస్తాను. ఈసారి బొత్తాలున్న చొక్కా వెయ్యండి."

ఆ పది రోజులూ పుల్లమ్మ బడి వదిలాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నోట్సులో ప్రతి గడీ వేలుపెట్టి చూపించి చెప్పింది.

పదో రోజు సారు ముందు మా పిల్ల మొదటి బొత్తాన్ని చాలాసేపు తిప్పింది. చెమట పట్టింది, మాకు. చివరికి దూర్చింది. పైదాన్ని రెండో కాజాలో. కాలరు ఒక చెవి దగ్గరికి ఎగదన్నింది. నా చేతులు ముందుకు వెళ్ళిపోయాయి.

"ఆంటీ! చేతులు!"

వాటి మీద కూర్చున్నాను.

తర్వాతి మూడూ మోచెయ్యి తాకితే గానీ పడలేదు, ఆఖరిదానికి కాజానే మిగల్లేదు. పుల్లమ్మ రాసుకుంది: ఒకటి, తనంతట తానే, పక్క కాజాలో.

"పక్క కాజా అని కూడా రాయాలా?" అన్నాను.

"పడింది పక్కదాంట్లోనే కదా ఆంటీ."

సారు దాని కిందే సంతకం పెట్టారు. పిల్లను ఆ వంకర కాలరుతోనే నడిపించి ఇంటికి తీసుకొచ్చాను. దారిలో ఇద్దరు ఆడవాళ్ళు సరిచెయ్యబోయారు. కరిచినంత పని చేశాను.