రెండు గళ్ల ఫారం

ఆదివారం మధ్యాహ్నం. మంచం మీద ఆరిన బట్టల గుట్ట. నేను మడతలు పెడుతుంటే అత్తయ్య గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని, "నీ చెయ్యి పడితే ఎంత గుట్టయినా ఇట్టే సర్దుకుంటుందే," అంది. మెచ్చుకోలు మాటే. ఆవిడ మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఇంకో పని తగులుతుంది. అనుకున్నట్టే, "పనిలో పని, ఆ అలమర కూడా చూడకూడదూ," అంది.

కిటికీ తెర మెల్లగా ఊగుతోంది. ఎండ వాసన వేసే బట్టల్లో చేతులు పెడితే నాకు సగం నిద్ర వచ్చేస్తుంది. చేతులు వాటి మానాన అవి మడతలు పెడుతుంటాయి, నేను ఎక్కడెక్కడో తిరిగొస్తుంటాను. మా ఆయన చొక్కా చేతికి వచ్చింది. కాలరు దగ్గర ఆగిపోయాను. వంకర లేని సన్నటి కుట్టు. ఎవరు కుట్టారో! కాలరక్కే కుట్టి ఉంటుందా?

కాలరక్క ఎవరో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. చట్టాలు చేసేవాళ్లకు సలహాలిచ్చే పరిశోధన సంస్థ ఒకటుంది. అందులో పదకొండేళ్లుగా నివేదికల భాష సరిచూస్తున్నాను. అక్కడ అందరూ నన్ను 'నిఘంటువు' అంటారు. తలాతోకా లేని వాక్యాలకు నేను తలా తోకా అతికిస్తాను, అట్ట మీద మాత్రం వాళ్ల పేర్లు వస్తాయి. చివరి పేజీలో 'భాషా సహకారం మా సిబ్బంది' అని అరలైను, అదీ నేను. సిగ్గు విడిచి చెబుతున్నాను, కొత్త నివేదిక అచ్చయి వచ్చినప్పుడల్లా ఎవరూ లేకుండా చూసి, అట్ట మీద నా పేరు వేలితో రాసుకునేదాన్ని.

అలాంటిది పోయిన నెల మా డైరెక్టరు, అందరం పెద్దాయన అంటాం, గదిలోకి పిలిచారు. "ఈసారి అట్ట మీద నీ పేరే వేద్దామమ్మా. ఇది ఆడవాళ్ల విషయం. ఆడమనిషి చెబితేనే బాగుంటుంది," అన్నారు. బట్టల ఫ్యాక్టరీల్లో పసిపిల్లల కోసం ఒక గది, చూసుకోవడానికి ఒక ఆయా తప్పనిసరి చేయాలా అని ప్రజాప్రతినిధుల కమిటీ ఆలోచిస్తోంది. అక్కర్లేదు, తల్లులు సంతృప్తిగానే ఉన్నారు అని మా నివేదిక. "దీనికి నిధులు ఎవరివండీ?" అని అడిగాను. "శ్రేయోభిలాషులవి," అని నవ్వారు. మొదటి పేజీలోనూ అదే మాట. కానీ అంతకుముందు, తల్లులను అడగాల్సిన ప్రశ్నల ఫారాలు వచ్చిన కవరు విప్పింది నేనే. దాని మీద ఫ్యాక్టరీ యజమానుల సంఘం ముద్ర ఉంది.

ఆ ఫారంలో చివరి ప్రశ్నకు రెండే గళ్లు. సంతృప్తి, అసంతృప్తి. ఆడవాళ్లయితే ఆడవాళ్లతో మాట్లాడతారని అడగడానికి నన్నే పంపారు. షిఫ్టు వదిలే వేళ గేటు పక్కన గోడ నీడలో నిలబడి అరవై రెండు మందిని అడిగాను, పని వేళల్లో పిల్లల సంగతేమిటని. కాలర్లు కుట్టే ఆవిడను తోటివాళ్లు కాలరక్క అంటారు. నొప్పి పుడుతున్న కాళ్లను మార్చి మార్చి నిలబడుతూ చెప్పింది. "చిన్నదాన్ని మంచం కోడుకి కట్టేసి వస్తానమ్మా. మెత్తటి గుడ్డేలే, ముడి కూడా వదులుగానే వేస్తాను. పక్కింటామె మధ్యలో ఓసారి తొంగి చూస్తుంది. ఏదో, సర్దుకుంటున్నాం."

ఎవరి కథ ఏదైనా అందరూ ఆ మాట దగ్గరే ఆగారు. సర్దుకుంటున్నాం. నేను అరవై రెండుసార్లూ 'సంతృప్తి' గడిలో టిక్కు పెట్టాను. పెట్టమని ఎవరూ అనలేదు. నాకు ఆ మాటకు అర్థం అదే మరి. పెళ్లయిన కొత్తలో అమ్మ ఫోన్ చేసి, "ఎలా ఉన్నావే?" అంటే, "సర్దుకుంటున్నానమ్మా," అనేదాన్ని. "హమ్మయ్య, చల్లటి కబురు చెప్పావు," అనేది అమ్మ. నిఘంటువునట నేను! నా మొహం!

నిన్న ఇదంతా మా ఆయనకు చెప్పాను. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే విన్నారు. "అట్ట మీద పేరంటే మాటలా! శ్రేయోభిలాషులు ఎవరైతే నీకెందుకు? ఇన్నేళ్లకు వచ్చిన అవకాశం కాలదన్నుకోకు. కాస్త సర్దుకో," అన్నారు. అత్తయ్య ఇంకో అడుగు ముందుకేసి, "పోనీలే, మా ఇంటిపేరు అచ్చులో చూస్తాను," అంది.

చొక్కా చేతిలో ఉండగానే రెప్పలు మూతలు పడ్డాయి. గుట్టలోంచి ఒక్కొక్క కాలరూ మెల్లగా లేచింది. మనుషులు లేరు, కాలర్లే. నా చుట్టూ కూర్చుని తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటున్నాయి. ఎలా ఉన్నారని అడిగాను. "నువ్వు రాసేసుకున్నావుగా," అన్నాయి. వాటి మధ్యలో ఎక్కడో అమ్మ గొంతు కూడా వినిపించింది. కిందికి చూసుకుంటే నా నడుముకు మెత్తటి గుడ్డ, వదులు ముడి. రెండో కొన మంచం కోడుకు ఉంది. లాగితే ఊడొచ్చేదే. నేనెప్పుడూ లాగి చూడలేదు.

మెలకువ వచ్చేసరికి చొక్కా కాలరు తడిసి ఉంది. ఏడ్చానన్నమాట. లేచి ఆఫీసు సంచిలోంచి కాగితం తీశాను. రచయిత సంతకంతో కమిటీకి ఇవ్వాల్సిన ప్రకటన అది. "ఒకసారి భాష సరిచూసి సంతకం పెట్టమ్మా, సోమవారం ఇచ్చేయాలి," అని పెద్దాయన ఇచ్చారు. 'నిధులు ఇచ్చినవారు' అన్న చోట శ్రేయోభిలాషులు అని ఉంది. సరిచూశాను. ఆ మాట కొట్టేసి, ఫ్యాక్టరీ యజమానుల సంఘం అని గుండ్రటి అక్షరాలతో రాశాను. కింద ఇంకో మూడు వాక్యాలు చేర్చాను. 'సంతృప్తి అని టిక్కు పెట్టింది నేను. వాళ్లన్నది సర్దుకుంటున్నాం అని. ఆ మాటకు ఫారంలో గడి లేదు.' సంతకం పెట్టి, ఫోటో తీసి, కమిటీ ఆఫీసుకు ఒకటి, పెద్దాయనకు ఒకటి పంపాను.

పావుగంటలో పెద్దాయన ఫోన్. "ఇదేంటమ్మా?"

"భాష సరిచూడమన్నారు కదండీ."

"అట్ట మీద నీ పేరు తీసేయాల్సి వస్తుంది. ఆ తర్వాత నీ ఉద్యోగం సంగతి నేనేం చెప్పలేను."

పదకొండేళ్లు వేలితో రాసుకున్న పేరు. గుండె కలుక్కుమంది, అబద్ధమెందుకు. "తీసేయండి," అన్నాను. "నిధులిచ్చినవాళ్ల పేరు మాత్రం ఉంచండి."

ఫోన్ పెట్టేసి చూస్తే మా ఆయన గుమ్మంలో ఉన్నారు, అంతా విన్నట్టున్నారు. "నీకేమైనా మతిపోయిందా? ఎక్కడికి బయల్దేరావిప్పుడు?" అన్నారు, నేను చెప్పులు వేసుకోవడం చూసి.

"ఫ్యాక్టరీ గేటు దగ్గరికి. ఆదివారమైనా వాళ్లకు షిఫ్టు ఉంటుంది. అడగాల్సింది మళ్లీ అడగాలి."

"మరి ఈ బట్టలో?" అంది అత్తయ్య.

గుట్టలో సగం కూడా కాలేదు. కాలరు తడిసిన ఆయన చొక్కా దాని మీదే పెట్టాను.

"ఇవాళ్టికి మీరు కాస్త సర్దుకోండి," అన్నాను.