జకియా చెప్పిన ఉత్తరం

"మన బతుక్కి అడుక్కోవడం ఒక్కటే తక్కువైంది," అన్నాడు నౌఫెల్ పెళ్లాంతో.

ఓల్ఫా సింకు దగ్గర నిలబడి చేపలు శుభ్రం చేస్తోంది. అతను ఫ్రిజ్ తీసి మంచినీళ్లు తాగి, ఖాళీ గ్లాసు ఆమె చేతుల మధ్యనే, చేప పొలుసుల మీదే పెట్టి వెళ్లిపోయాడు. ఆమె గ్లాసు తీసి పక్కన పెట్టింది. బుధవారం నుంచీ తనను తాను అనుకుంటున్న మాటే అది.

రెండేళ్లు కూర్చుని ఆమె ఒక కథ రాసింది. పుస్తకంగా కాదు, పన్నెండు ఉత్తరాలుగా. ఆ కథ కావాలన్నవాళ్ల ఇంటికి పదిహేను రోజులకొకటి చొప్పున, కవరులో పెట్టి, స్టాంపు అంటించి, తమ ఊరు బిజెర్త్ పోస్టాఫీసు ముద్రతో పంపాలని ఆశ. కాగితాలకీ అచ్చుకీ స్టాంపులకీ డబ్బు కావాలి కనక, నలుగురి దగ్గరా చందాలు పోగుచేసే క్రౌడ్‌ఫండింగ్ సైటులో బుధవారం ఒక పేజీ పెట్టింది. నెల రోజుల్లో అనుకున్నంత రాకపోతే ఎవరి డబ్బు వాళ్లకి వెనక్కి పోతుంది. పేజీలో వీడియో ఉండాలన్నారు. ఆఫీసులో పక్క సీటు సామెహ్ భోజనాల వేళ ఫోనులో తీసింది. చేతులకి వెల్లుల్లి వాసన వస్తోందని, వీడియోలో వాసన రాదని తెలిసి కూడా ఓల్ఫా నిమ్మచెక్కతో రుద్దుకుని మరీ కూర్చుంది. "నా కథకి మీ సాయం కావాలి" అన్న ఒక్క వాక్యం గొంతు వణక్కుండా చెప్పడానికి పధ్నాలుగు సార్లు పట్టింది.

అడగడం ఆమెకి కొత్తేం కాదు. పదిహేడేళ్లుగా ఈ ఇంట్లో ఆమె అడుగుతూనే ఉంది. అక్కని చూడ్డానికి వెళ్లొచ్చా అని, తన జీతంలోంచే చెప్పులు కొనుక్కోవచ్చా అని, అత్తగారికి స్నానం చేయించి, మందులిచ్చి, గిన్నెలు కడిగాక ఒక గంట తలుపేసుకుని రాసుకోవచ్చా అని. అదంతా నాలుగు గోడల మధ్య జరిగింది కాబట్టి ఎవరూ అడుక్కోవడం అనలేదు. ఇప్పుడు ఊరంతటికీ మొహం చూపించి అడిగింది, అంతే తేడా. ఈ మాట తనకి తాను ఎంత నచ్చజెప్పుకున్నా, ఫోను మోగినప్పుడల్లా చెవులు వేడెక్కేవి. ఇన్సూరెన్సు ఆఫీసులో మేనేజరు అందరూ వింటుండగా, "అయితే మేమిచ్చేది చాలడం లేదన్నమాట, మేడమ్" అని నవ్వాడు. నౌఫెల్ మేనత్త కూతురు పది దీనార్లు వేసి, అందరికీ కనపడేలా కింద రాసింది: "పండక్కి గొర్రె కొనడానికి తక్కువైతే చెప్పు ఓల్ఫా, మొహమాటపడకు." ఆ పది దీనార్లు వెనక్కి పంపే వీలు సైటులో ఉందేమో అని వెతికింది. లేదు. పైగా ఇచ్చిన ప్రతివాళ్లకీ కృతజ్ఞత చెప్పాలని నియమం. చెప్పింది.

కానీ అసలు సిగ్గు ఇదేదీ కాదు. అది ఎవరికీ తెలియదు.

కథలో జౌదా అనే కొత్త కోడలు ఉంటుంది. మొగుడు ఫ్రాన్సులో బట్టల మిల్లులో పని. ఆమెకి చదువు రాదు. వచ్చిన ఉత్తరాలు మరిది చదివి వినిపిస్తాడు, ఆమె చెప్పింది మరిదే రాస్తాడు. ఒకసారి కడుపులో బిడ్డ పోయి, ఆమె ఏడుస్తూ "ఒక్కసారి వచ్చి పో" అని రాయిస్తే, మరిది "ఇక్కడందరూ క్షేమం" అని రాసి పంపుతాడు. "జౌదా నా ఊహలో పుట్టిన మనిషి" అని పేజీలో రాసుకుంది ఓల్ఫా. అబద్ధం. జౌదా అంటే ఆమె అత్తగారు జకియా. తుంటి విరిగి మంచాన పడ్డ ఏడాది, తలకి సబ్బు రాస్తుండగా, కళ్లు మూసుకుని ఒక్కసారంటే ఒక్కసారి చెప్పిందావిడ. చెప్పి, "ఊఁ, నీళ్లు పొయ్యి" అంది. ఓల్ఫా నీళ్లు పోసింది. ఆ రోజే నోటుబుక్కులో రాసుకుంది, ఆవిడ చెప్పకుండా వదిలేసినవి తనే ఊహించి నింపింది.

ఆదివారం ఆడపడుచు హాజర్ భోజనానికొచ్చింది. ఓల్ఫా చేపలతో కుస్కుసు చేసింది. పెద్ద పళ్లెం చుట్టూ కూర్చున్నాక హాజర్ ఫోను తీసింది.

"అమ్మా, నీ కోడలు రచయిత్రి అయిపోయింది తెలుసా? మొదటి ఉత్తరం నమూనాకి పెట్టింది. ఉండు, చదువుతా."

"ఇప్పుడెందుకు హాజర్, చల్లారిపోతుంది," అంది ఓల్ఫా.

"ఊరంతా చదవొచ్చు గానీ మేం చదవకూడదా?"

హాజర్ గొంతు మార్చి, సినిమాలో హీరోయిన్ ఏడ్చినట్టు చదివింది. మిల్లు, మరిది, పోయిన బిడ్డ, క్షేమం. తల్లి సంగతి ఆమెకి తెలియదు, నౌఫెల్‌కీ తెలియదు. అతను మిరపకాయ కొరుకుతూ, "పాపం, మొగుడు లేని ఇంట్లో మరిదే కదా దిక్కు. ఆ మరిదిని విలన్ని చేశావేంటి?" అన్నాడు. వాళ్ల బాబాయి రిదా వాళ్లని భుజాల మీద మోసి పెంచిన మనిషి. పోయి పదేళ్లయినా ఆయన పేరెత్తితే నౌఫెల్ కళ్లు చెమరుస్తాయి.

జకియా చేతిలో చెంచా కింద పెట్టింది.

"నన్ను గదిలోకి తీసుకుపో," అంది కోడలితో.

మంచం మీద కూర్చోబెట్టి, ఓల్ఫా ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూలబడింది. తలెత్తలేకపోయింది.

"తీసేస్తాను అత్తయ్యా. ఇప్పుడే తీసేస్తాను."

"అది రాసిందెవరే?"

"నేనే."

"అంటే నా మాటలు మళ్లీ ఇంకొకళ్లు రాశారన్నమాట," అంది జకియా. గొంతు పెంచలేదు. "నన్నడక్కుండా. రిదా కూడా అంతే చేశాడు. వాడికైనా నా ఎదుట కూర్చుని రాసే ధైర్యం ఉండేది."

చెంపదెబ్బ తిన్నా ఇంత మంట పుట్టేది కాదు. ఈ రెండేళ్లూ అడిగించుకోకుండా తనకి గంట సమయం ఇవ్వని ఇంటి మీద ఎన్ని పేజీలు కోపం పోసింది! ఆ గంటలో కూర్చుని తాను చేసిన పని ఇదా? ఆడదాని గోడు అని పేరు పెట్టి ఇంకో ఆడదాని నోట్లో మాట లాక్కుంది. ఆ మరిది రెండు వాక్యాలు మార్చాడు. తను పన్నెండు ఉత్తరాలు రాసింది.

"పైగా తప్పు రాశావు," అంది జకియా. "నేనేం ఏడవలేదు. ఆయన్ని రమ్మననూ లేదు."

"మరి?"

ఆవిడ తలుపు వైపు చూసింది. బయట హాజర్ ఏదో చెప్పి నవ్వుతోంది.

"నీ తమ్ముణ్ణి ఇంట్లోంచి పంపించెయ్ అని చెప్పాను. వాడు నన్ను మెట్ల మీంచి తోశాడు. ఆయన పంపిన డబ్బేదీ అని అడిగినందుకు. దాంతోనే పోయింది కడుపు. ఆ మాట వాడితోనే రాయించాలి మరి, ఇంకెవరికొచ్చు రాత? నేను చెప్తూనే ఉన్నాను, వాడు రాస్తూనే ఉన్నాడు. తలెత్తి ఒక్కసారి చూడలేదు. మడిచి, నాలికతో తడిపి అంటించాడు. మీరంతా క్షేమమన్నారు, సంతోషం అని జవాబొచ్చాక గానీ నాకు తెలియలేదు వాడేం రాశాడో. ఆ తర్వాత నలభై ఏళ్లు వాడికి అన్నం వడ్డించాను. నా పిల్లలు వాడి భుజాల మీద పెరిగారు."

ఓల్ఫా ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. జకియా చెయ్యి లాక్కుంది.

"ఇప్పుడు కాదు," అంది.

ఆ సాయంత్రం ఓల్ఫా సైటు తెరిచింది. ఆపెయ్యడానికి ఒక్క మీట చాలు. కారణం చెప్పక్కర్లేదు. కానీ ఆమె చెప్పింది. "మీరు డబ్బిచ్చిన కథ నా ఊహ కాదు. ఒక మనిషి నాతో చెప్పుకున్న బతుకు. ఆమెని అడక్కుండా రాశాను, తప్పుగా రాశాను. అందుకే ఆపుతున్నాను. మీ డబ్బు మీకు వచ్చేస్తుంది." అత్తగారి పేరు రాయలేదు. వీడియోలో గొంతు వణకకూడదని అంత పాకులాడిన మనిషి, ఈ ఐదు వాక్యాలూ ఒక్కసారి కూడా తిరిగి చదువుకోకుండానే పంపేసింది. సమాధానాలు రావడం మొదలైంది. ఒకామె "దొంగ" అంది. నౌఫెల్ మేనత్త కూతురు నవ్వే బొమ్మలు పెట్టింది. స్ఫాక్స్ అనే ఊరి నుంచి ఎవరో ముసలాయన, "ఆమె ఒప్పుకున్న రోజు చెప్పమ్మా, నా చిరునామా మారదు" అని రాశాడు. సామెహ్ ఏమీ రాయలేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

నౌఫెల్ గుమ్మంలోకొచ్చి, "ఆపేశావటగా? ఇప్పటికైనా బుద్ధొచ్చింది. నేను చెప్తే వినవు," అన్నాడు.

"నువ్వు చెప్పినందుకు కాదు," అంది ఓల్ఫా. అతను సగం విని టీవీ దగ్గరికి వెళ్లిపోయాడు.

రెండు వారాలు జకియా కోడలితో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. ఓల్ఫా కథ గురించి ఎత్తలేదు. స్నానం చేయించేది, జడ అల్లేది, నోరు మూసుకునేది. మూడో శనివారం నౌఫెల్ కాఫీ కొట్టుకి వెళ్లాక ఆవిడే పిలిచింది.

"కాగితం తెచ్చుకో. నేనన్నదే రాయాలి. నీ అందాలేవీ కలపకు. రాశాక నాకు చదివి వినిపించాలి, మాట మారిందో నీ చేతికి ఇంకో ముక్క ఇవ్వను."

ఓల్ఫా మంచం పక్కన కూర్చుంది. "మావయ్యగారికేనా?"

"పోయినవాడికెందుకు? నా కొడుక్కి రాయి."

"నౌఫెల్‌కా? పిలవమంటారా అత్తయ్యా, ఎదురుగానే చెప్తారా?"

"ఎదురుగా చెప్తే రెండో మాటకే బాబాయిని వెనకేసుకొచ్చి లేచిపోతాడు. ఉత్తరానికి అడ్డుపడలేడుగా. తపాలాలోనే వెయ్యి."

సాయంత్రం దాకా చెప్పింది. ఓల్ఫా రాసింది. రెండుసార్లు చదివి వినిపించింది. రెండోసారి "దయచేసి" అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందని అడిగి జకియా కొట్టేయించింది.

సోమవారం ఆఫీసుకి వెళ్లే దారిలో ఓల్ఫా పోస్టాఫీసు వరుసలో నిలబడింది. రిజిస్టరు ఉత్తరం. కౌంటరు వెనకమ్మాయి కవరు అటూ ఇటూ తిప్పింది.

"మేడమ్, పంపేవాళ్లదీ అందుకునేవాళ్లదీ ఒకే చిరునామా ఉంది. పొరపాటు పడ్డారేమో?"

"లేదమ్మా, సరిగ్గానే ఉంది."

ఆ అమ్మాయి భుజాలెగరేసి ముద్ర కొట్టింది. రసీదు రాస్తూ, "జకియా అంటే మీరేనా?" అంది.

ఓల్ఫాకి సిగ్గుతో మళ్లీ చెవులు వేడెక్కాయి. అయినా ఈసారి తల దించుకోలేదు.

"కాదు," అంది. "నేను రాసిపెట్టేదాన్ని."