మువ్వలకు చుట్టిన పీలికలు

నలభయ్యో రొట్టెను పెనం మీద వేసి తాయవ్వ పైన తడిచేయి రాసింది. హుమ్నాబాదులో లారీలు ఆగే చోట ఖండప్ప ఖానావళి, డ్రైవర్లు రొట్టె తినిపోయే హోటలు. అక్కడ ఆమె జొన్నరొట్టెలు కొట్టబట్టి తొమ్మిదేళ్లు. అరచేతులు గట్టిపడి నునుపెక్కాయి, మణికట్టు మీద పాత కాలిన మచ్చ. రొట్టె పొంగితే ఇప్పటికీ ఆమెకు సంతోషమే.

ఈరోజు మాత్రం రెండు మాడాయి. భర్త ఈరయ్య లారీల హమాలి. సాయంత్రం ఐదు గంటల బస్సుకు కూతురు సిద్దమ్మను ఖటక్ చించోళికి, భజన సప్తాహానికి తీసుకుపోతానన్నాడు. పండరిపురంలో తులసిమాల వేసుకొని వచ్చి పద్నాలుగు నెలలు, సారా ముట్టలేదు. అయినా భయమే. మూడేళ్ల కింద జాతరకు తీసుకుపోయి, సేంది దుకాణం ముందు పిల్లను కూర్చోబెట్టి, మరిచి ఒక్కడే ఇల్లు చేరాడు. తాయవ్వ పరుగున పోయి చూస్తే, ఆరేళ్ల పిల్ల తండ్రి చెప్పులు ఒళ్లో పెట్టుకొని అక్కడే ఉంది. ఏడవలేదు. అదే తాయవ్వను ఎక్కువ భయపెట్టింది.

"నీ రొట్టె కంటె నీ భయమే పెద్దగున్నది అక్కా," అంది పిండి కలిపే భీమవ్వ.

తాయవ్వ నవ్వింది. నవ్వుతూనే బస్సు బోల్తాపడటం కూడా ఒకసారి ఊహించుకుంది.

నాలుగింటికి ఇల్లు చేరేసరికి సిద్దమ్మ చెంబులో నీళ్లు పట్టి, పీట వేసి ఉంచింది. ఇంత బుద్ధిమంతురాలు బడి మొత్తంలో లేదంటాడు కన్నడ పంతులు. బుద్ధెరిగినప్పట్నుంచి ఆ పిల్ల ఏదీ అడిగింది లేదు, అలిగింది లేదు.

వీధిలో అడుగులు వినిపించాయి. ఒకటి బరువుగా, ఒకటి తేలికగా, తడబడుతూ. సిద్దమ్మ గబగబా మేకుకున్న పాత చీర పీలికలు తీసి, పట్టగొలుసుల మువ్వలకు చుట్టుకుంది. పద్నాలుగు నెలలుగా అవి ఆ మేకుకే ఉన్నాయి.

ఈరయ్య కుంటుతూ వచ్చాడు. బస్తా కాలి మీద పడిందట, బొటనవేలికి పసుపు కట్టు.

"కాళ్లకేమైంది బిడ్డా?" అన్నాడు పీలికలు చూసి.

పిల్ల గోడకు అతుక్కుంది.

"నువ్వు తాగొస్తే, దాని చప్పుడు నీ చెవుల పడొద్దని కట్టుకుంటది," అంది తాయవ్వ. ఇన్నేళ్లలో ఆ మాట పైకి అనడం ఇదే మొదలు.

ఈరయ్య పిల్ల ముందు గొంతుక్కూర్చొని నోరు తెరిచాడు. "వాసన చూడు."

సిద్దమ్మ మెల్లగా ముందుకు వంగింది. "ఉల్లిగడ్డ."

"జబర్దస్తి లేదు. వస్తనంటె రా, లేకుంటె లేదు."

పిల్ల ఆలోచించింది. "జిలేబి కొనిస్తవా?"

"కొనిస్త."

"ఒకటి కాదు. రెండు."

తాయవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సు కిటికీ బయట చేయి పెట్టొద్దని, నీళ్ల దగ్గరికి పోవద్దని, వంద జాగ్రత్తలు చెప్తూ రొట్టెల మూట కట్టిచ్చింది. సిద్దమ్మ కాళ్లు విదిలించుకొని తండ్రి వెనక పరిగెత్తింది. మువ్వల చప్పుడు వీధి మలుపుదాకా వినిపించి, బస్సు హారన్‌లో కలిసిపోయింది.

గడప దగ్గర పీలికలు రెండూ పడి ఉన్నాయి, ఇంకా పిల్ల కాళ్ల కొలతకే గుండ్రంగా చుట్టుకొని.