బ్లేడత్త కోసిన పొర

బ్లేడును నీళ్లలో ముంచి, గుమ్మడి కాడను చీల్చిన క్యారెట్ ముక్క మధ్య బిగించి పట్టుకుని, అత్త మళ్లీ కోసింది. ఇది పదకొండో పొర. ఇదీ మందంగానే వచ్చింది. కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబ్‌లో ముప్పై ఏళ్లుగా సహాయకురాలు, పిల్లలందరికీ బ్లేడత్త. ఐదో తరగతితో బడి మానేసిన ఈ మనిషి కోసిన పొర కింద పుస్తకం పెడితే అక్షరాలు చదవొచ్చని చెప్పుకునేవారు.

ఈ ఏడాది నుంచి కుడిచెయ్యి వణుకుతోంది. ఈ మధ్యాహ్నం ప్రాక్టికల్ పరీక్షకు పొరలు సరిగా రాకపోతే ఇకమీదట కొన్న స్లైడ్లే వాడదామని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పేశాడు. అప్పుడిక ఈ బల్ల దగ్గర ఆమెకు పనేముంది? ఇంట్లో ఒంటరిగా కూర్చుని గోడలతో మాట్లాడుకోవాలి.

ఛాతీని బల్ల అంచుకు ఆనించింది. నీలం కోటు తొడిగిన మోచేతులు రెండూ బల్లమీద మోపింది. ఊపిరి బిగబట్టి బ్లేడు లాగింది. ఈసారి పొర నీళ్లమీద తేలింది, ఉందో లేదో తెలియనంత పలచగా.

రంగువేసి సూక్ష్మదర్శిని కింద పెట్టేసరికి వృక్షశాస్త్రం చెప్పే మేడమ్ వచ్చింది. ఒకప్పుడు ఈ బల్ల దగ్గరే వేళ్లు కోసుకుని ఏడ్చిన పిల్ల.

“అత్తా, బ్లేడుతో కోశారా, మంత్రం వేశారా?”

“పొగడకు, చెయ్యి ఇంకా వణుకుతోంది. ఆ ఎర్రగా కనబడేవేంటే? ఇన్నేళ్లు రంగేశాను గానీ అడగనేలేదు.”

“దృఢ కణజాలం. కణాల గోడల్లో లిగ్నిన్ అనే చెక్కపదార్థం చేరి గట్టిపడతాయి. కాండాన్ని నిలబెట్టేవి అవే. లోపల ప్రాణం మాత్రం ఉండదు.”

“చచ్చినవా మోసేది?” అత్త నవ్వింది. “మా ఆయన వింటే మురిసిపోయేవాడు. బతికున్నన్నాళ్లూ ఒక్క బిందె ఎత్తలేదు.”

“అంచున మూలలు మందంగా ఉన్నాయి చూడండి, అవి బతికినవే. స్థూలకోణ కణజాలం. ఆ మూలల్లో పెక్టిన్ అనే జిగురు ఎక్కువ. వంగుతాయి, విరగవు.”

“మరి వణికేవి?”

మేడమ్ స్లైడును జాగ్రత్తగా తీసి పరీక్ష గదికి పట్టుకెళ్లింది.

పరీక్ష అయింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఆ పొర ఎవరు కోశారని రెండుసార్లు అడిగాడు. ప్రిన్సిపాల్ స్లైడ్లు కొనే మాట మానుకున్నాడు. ఆ సంగతి చెప్పాలని మేడమ్ గబగబా ల్యాబ్‌లోకి వచ్చింది. అత్త బల్ల అంచుకు ఆనుకుని, మోచేతులు మోపి కూర్చుని ఉంది. చెయ్యి వణకడం లేదు.

“అత్తా, వచ్చే ఏడాదీ మీరేనట!”

రెండోసారి పిలిచి, భుజం తాకి చూసింది. ఒళ్లు చల్లబడి ఉంది. మేడమ్ చెయ్యి ఆ భుజం మీదే ఉండిపోయింది.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఆమె ఒంటిమీంచి తీసిన నీలం కోటు కొక్కేనికి వేలాడుతూ ఉంది. గంజి బాగా పట్టినట్టుంది, లోపల చేతులు లేకపోయినా మోచేతుల దగ్గర వంపు విడలేదు.