కాగితం గల్లీలో లేని అరుగు

పిచ్చి పలు విధాలన్నారు. పురుషోత్తానికి పట్టింది కాగితం ఇళ్ల పిచ్చి. కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం, జహనుమాలో తండ్రి కట్టిన రెండు గదుల ఇల్లు, సాయంత్రమైతే చేతిలో బ్లేడు. ఛత్తాబజార్‌లో అచ్చు తప్పుపడి పక్కన పడేసిన శుభలేఖల అట్టలు తెచ్చుకునేవాడు. వాటి వెనక గోడలూ కిటికీలూ గీసి, మడత పడే చోట బ్లేడు వెనక వైపుతో మెల్లగా గీరి, కోసి, అంటించి, అగ్గిపెట్టె అంత ఇల్లు నిలబెట్టేవాడు. ఆ ఇంట్లోకి తొంగి చూస్తే లోపలి గోడ మీద ఎవరిదో పెళ్లి ముహూర్తం కనిపించేది. ఇంట్లోవాళ్లు నవ్వేవాళ్లు, బస్తీవాళ్లు జాలిపడేవాళ్లు.

ఆ పిచ్చిని మెచ్చుకున్న మహానుభావుడు ఒక్కడే, అదే ఫ్యాక్టరీలో ఆఫీసరు వంశీధర్. గుడివాడ వైపు మనిషి, మలక్‌పేటలో స్థిరపడ్డాడు. ఆయనది ఇంకో పిచ్చి. ఎప్పుడో ముగిసిపోయిన యుద్ధాలను బల్ల మీద మళ్లీ జరిపించడం. గోరంత సీసం సిపాయిలకు రంగులు వేసి, ఎవరెంత దూరం నడవాలో స్కేలుతో కొలిచి, ఎవరు బతికారో ఎవరు చచ్చారో పాచికలతో తేల్చేవాడు. పిచ్చికి పిచ్చి తోడైతే ఇక అడ్డేముంది!

1994లో గోల్కొండ ముట్టడి ఆడదామన్నాడు వంశీధర్. సిపాయిలు నావి, ఊరు నీది అన్నాడు. కోట ముందరి ఊరు ఆ కాలంలో ఎలా ఉండేదో ఎవరు చూడొచ్చారు? తను పుట్టి పెరిగిన గల్లీనే చూసి చేద్దామనుకున్నాడు పురుషోత్తం. పెంకుటిళ్లు, మట్టిగోడలు, మధ్యలో ఒక మలుపు. పాతకాలపు ఊరికి ఇంతకంటే ఏం కావాలి?

కానీ టేపు పట్టుకుని ఇంటి ముందు నిలబడ్డవాణ్ణి జహనుమాలో ఎవరూ మంచి కళ్లతో చూడరు. అందుకే ముందుగా సత్తెమ్మ దగ్గరికి వెళ్లాడు. మలుపులో ఉన్న ఇల్లు ఆమెదే. మొగుడు పోయాక ఇంటి ముందరి అరుగు మీద పొయ్యి పెట్టుకుని, మిర్చి బజ్జీలు వేసి సంసారం ఈదుతోంది. గల్లీ అంతటికీ తలలో నాలుక.

“ఏంది తమ్మీ, టేపు పట్టుకొచ్చినవ్? నా ఇల్లు గిట్ల అమ్ముతున్నవా ఏంది?”

“ఆటకే అక్కా. కాగితంతోని చేస్తున్న. ఒట్టు, ఆటకే.”

“నువ్వు గాబట్టి కొలవనిస్తున్న” అంది సత్తెమ్మ. “మనోడే, ఆటకంట” అని ఆమె ఒక్క కేక వేసింది, గల్లీలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. కొలిచినవన్నీ ఒక నక్షాగా గీసి, ఉద్యోగం అలవాటు కొద్దీ కింద సంతకం, తారీఖు పెట్టాడు.

ఈ ఆటలో ఒక పద్ధతి ఉంది. ప్రతి ఇంటికీ రెండు పొరలు. పైన నిండు ఇల్లు, టోపీలా ఎత్తేయవచ్చు. దాని కింద అదే ఇల్లు, కూలిపోయింది. ఫిరంగి గుండు తగిలిందని పాచికలు చెబితే పై ఇల్లు తీసి పక్కన పెడతారు. అందుకని కట్టేవాడే ప్రతి ఇంటినీ ముందుగా కూల్చి పెట్టుకోవాలి. పురుషోత్తం గల్లీ మొత్తాన్ని కట్టాడు, గల్లీ మొత్తాన్ని కూల్చాడు.

మొదటి ఆదివారమే చిక్కొచ్చి పడింది. వంశీధర్ చెయ్యి బొద్దు. మలుపు దగ్గర సిపాయిలను జరపబోతే సత్తెమ్మ అరుగుకు తగిలి ఇల్లు బోర్లా పడింది, దానితో పాటు పది మంది మొగలు సిపాయిలూ పడ్డారు.

“ఆ అరుగు తీసెయ్యవయ్యా” అని విసుక్కున్నాడు వంశీధర్. “నా చెయ్యి పట్టొద్దూ? నక్షాలో కూడా తీసెయ్యి, మళ్లీ చేసేటప్పుడు పొరపాటు రాకుండా.”

ఉన్నదాన్ని లేదని గీయడానికి పురుషోత్తానికి చెయ్యి రాలేదు. అయినా స్నేహం ముందు కొలత ఏపాటిది? అరుగు కోసేశాడు, నక్షాలోనూ చెరిపేశాడు. బొమ్మను చూడ్డానికి వచ్చిన సత్తెమ్మ వెంటనే కనిపెట్టింది.

“నా అరుగేది తమ్మీ?”

“ఆటల అడ్డమొస్తున్నదక్కా.”

“అట్లయితే మొగలోళ్లకు బజ్జీలు దొరకయి పో!” అని పకపకా నవ్వింది.

ఏళ్లు గడిచాయి. ఆదివారాలన్నీ వంశీధర్ డాబా మీదే. అక్కడ ఇద్దరూ అన్నదమ్ముల్లా కలిసిపోయేవాళ్లు. ఫ్యాక్టరీ గేటు దాటితే మాత్రం ఆఫీసరు ఆఫీసరే. నలుగురిలో ఒక్కసారి తన పనితనం గురించి ఆయన ఒక మంచి మాట చెబితే బాగుండునని పురుషోత్తానికి ఉండేది. పైకి అనలేదు. అడిగి చెప్పించుకునే మాట కాదుగా అది.

2005లో వంశీధర్ కాగితం గల్లీ మొత్తం కావాలన్నాడు. బెంగుళూరులో ఇలాంటి ఆటల ప్రదర్శన ఉందట, నక్షాలు కూడా పెడతారట. “నీ పేరే రాయిస్తాను” అన్నాడు. పురుషోత్తం ప్రతి ఇంటినీ దూదిలో చుట్టి, నక్షాతో సహా, పసిపిల్లను అప్పగించినట్టు అప్పగించాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నట్టు, ఆ గల్లీ బెంగుళూరు వెళ్లనే లేదు. కొన్నాళ్లకు జహనుమాలో టేపులు పట్టుకుని మనుషులు దిగారు. గల్లీ వెనక ఖాళీ జాగాలో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఇసుక లారీ మలుపులో తిరగడం లేదు. ఎక్కడైతే వంశీధర్ చెయ్యి తట్టుకుందో సరిగ్గా అక్కడే తట్టుకుంటోంది.

“ఈ అరుగు కబ్జా” అన్నాడు వచ్చినవాడు, నక్షా పరిచి. “చూస్కోండ్రి. తొంభై నాలుగుల లేదు. తర్వాత కట్టిన్రు.”

పురుషోత్తం తొంగి చూశాడు. ప్రతి కిటికీ తను గీసిందే. కింద తన సంతకం, తారీఖు. మలుపు దగ్గర అరుగు లేదు. అపార్ట్‌మెంట్లు ఎవరివని అడిగితే వంశీధర్ బావమరిదివని చెప్పారు.

ఆ సాయంత్రమే మలక్‌పేట వెళ్లాడు. వంశీధర్ తడబడలేదు, కాఫీ తెప్పించాడు.

“మావాడు చూసి ముచ్చటపడి అడిగాడయ్యా. కాదనలేకపోయాను. ఇంతవరకూ వస్తుందని నేనేం కలగన్నానా?”

“కొలతలకు వచ్చే అధికారికి ఒక్క మాట చెప్పుండ్రి సార్. అరుగు అప్పుడే ఉండె, మీ చెయ్యి పడతలేదని తీసినమని. గంతే.”

“చెబుతాను. నిజం చెప్పడానికేం?”

పురుషోత్తం గాలిలో తేలుతూ ఇంటికొచ్చాడు. దారిలో సత్తెమ్మ పొయ్యి దగ్గర ఆగి, “ఫికర్ చెయ్యకక్కా. సార్ వస్తున్నడు. ఆయన చెప్తే అయిపోతది” అన్నాడు. సత్తెమ్మ బజ్జీలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది.

కొలతలు తేల్చే అధికారి వచ్చిన రోజు గల్లీ అంతా మలుపులో చేరింది. బావమరిది మనుషులు మంచం మీద కాగితం గల్లీని పరిచారు, సాక్ష్యంగా. పురుషోత్తం జరిగింది జరిగినట్టు చెప్పాడు. అధికారి వంశీధర్ వైపు తిరిగి, మీరేమంటారని అడిగాడు.

వంశీధర్ వచ్చి పురుషోత్తం భుజం మీద చెయ్యి వేశాడు.

“మా ఫ్యాక్టరీలో ఇంత నికార్సయిన డ్రాఫ్ట్స్‌మన్ ఇంకొకడు లేడండీ. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, వెంట్రుకవాసి తేడా రానివ్వడు. ఉన్నది ఉన్నట్టే గీస్తాడు. ఇప్పుడిలా మాట మారుస్తున్నాడంటే పాపం, ఇరుగుపొరుగు మొహమాటం.”

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఇన్నేళ్లుగా ఏ మెప్పు కోసం ఎదురుచూశాడో ఆ మెప్పే నలుగురిలో దొరికింది, అదీ ఈ పూట. పురుషోత్తానికి ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. కింద పడున్న అట్టముక్క తీసి మడిచి, కాగితం ఇంటి ముందు అరుగులా పెట్టాడు.

“చెయ్యి పెట్టుండ్రి సార్. గీ మలుపుల మీ చెయ్యి పెట్టి అందరికి చూపెట్టుండ్రి, పడతదో లేదో!”

వంశీధర్ పురుషోత్తం భుజం మీద నుంచి చెయ్యి తీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. అధికారి నక్షా చుట్టేశాడు.

అరుగు ఒక్క పొద్దులో పోయింది. పొయ్యి రాళ్లు గోడవారన పడున్నాయి. పురుషోత్తం కాగితం గల్లీని ఇంటికి తెచ్చి మూలన పెట్టాడు. ఆదివారం మలక్‌పేట వెళ్లలేదు, రమ్మని కబురూ రాలేదు. గల్లీలో ఎవరూ అతనితో లొల్లి పెట్టుకోలేదు. ఎదురుపడితే మాత్రం పక్కకు తప్పుకుంటున్నారు.

ఒక మధ్యాహ్నం సత్తెమ్మ వచ్చింది. నిలబడే, “నా ఇల్లేది, చూపెట్టు” అంది. పురుషోత్తం ఆమె ఇంటిని తీసి అరచేతిలో పెట్టాడు. ఆమె అటూ ఇటూ తిప్పింది. పై ఇల్లు కదిలి ఊడి వచ్చింది. కింద కూలిన గోడలు, విరిగిన వాసాలు బయటపడ్డాయి.

“గిది ఎప్పుడు చేసినవ్?”

“అప్పుడే అక్కా. ఇంటితోపాటే.”

“అంటే, కొలిచిన నాడే కూలగొట్టి పెట్టుకున్నవన్నట్టు.”

ఆట పద్ధతే అది అని చెప్పబోయాడు. ఆట అన్న మాట నోటికి రాలేదు. సత్తెమ్మ పై ఇంటిని జాగ్రత్తగా మళ్లీ తొడిగి, అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది.