ఒంటికి సరిపోయిన బట్టలు

సాయంత్రం కుట్టుమిషను ఆపగానే తల్లి అన్నం వడ్డించి కూతురి ముందు పెట్టేది. కూతురు ఫోనును నీళ్ల గ్లాసుకు ఆనించి వీడియో పెట్టుకునేది. ఆ ఇంట్లోవాళ్లు 'బుగ్గల పిల్ల' అని పిలుచుకునే అమ్మాయి తెర మీద గుట్టగా వడ్డించుకున్న పళ్లెం ముందు కూర్చుని తినేది. ఆమె నమిలిన కొద్దీ, కూతురు చెయ్యి పెట్టకుండానే, ఇక్కడ కంచంలో అన్నం తరిగిపోయేది. అందులో ఎవరికీ వింత తోచలేదు. ఆ వీధిలో ఎదిగే పిల్లలున్న ప్రతి ఇంటా కంచాలు అలాగే ఖాళీ అవుతున్నాయి.

"కడుపు నిండిందా?"

"చూస్తుంటేనే నిండిపోయిందమ్మా."

"పారబోసే పని తప్పింది," అనేది పక్కన గుండీలు కుట్టే పిన్ని. "గిన్నెలు కూడా తోమిపెడితే ఆ పిల్లను మా ఇంటి కోడల్ని చేసుకుంటాను."

తల్లి పనిమంతురాలు. కూతురి చొక్కా భుజం దగ్గర కాస్త వదులైతే చాలు, విప్పించి, లోపలికి మడిచి మరో కుట్టు వేసేది. దర్జీపని చేసే ఇంటి పిల్ల వదులు బట్టలతో తిరగడం ఆమెకు తలవంపు. అందువల్ల ఆ అమ్మాయి చిక్కినట్టు ఎన్నడూ కనిపించలేదు. చక్కగా అమరినట్టే కనిపించింది.

కళాశాల మెట్ల మీద కూలిపోయిన రోజున ఆసుపత్రిలో వైద్యురాలు అడిగింది.

"ఎప్పటి నుంచి ఇలా చిక్కిపోతోందండీ?"

"చిక్కలేదు డాక్టరమ్మా. బట్టలన్నీ ఒంటికి సరిగ్గానే ఉన్నాయి. కంచంలో మెతుకు మిగలదు."

వైద్యురాలు విప్పిన చొక్కాను తిరగేసి తల్లి చేతిలో పెట్టింది. పైకి కనిపించే గుడ్డ కంటే లోపల మడిచి కుట్టిన గుడ్డే ఎక్కువగా ఉంది.

"గుండె బాగా బలహీనపడింది. ఇప్పుడైనా తన నోటితో తను తినాలి. లేకపోతే మా చేతుల్లో ఏమీ ఉండదు."

మధ్యాహ్నం తల్లి గిన్నె ఒళ్లో పెట్టుకుని ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే కూతురు తల తిప్పుకుంది.

"ఫోనివ్వమ్మా. తను తింటుంది."

"మరి నువ్వో?"

"ఆకలంటే ఎలా ఉంటుందో నాకు గుర్తులేదు."

తల్లి ఫోను తెరిచింది. బుగ్గల పిల్ల అప్పటికే నములుతోంది. తల్లి ఆమెను మొదటిసారి దర్జీ కంటితో చూసింది. చంకల దగ్గర కుట్లు తెగిపోయాయి. మెడ కాలరులో ఇమడటం లేదు. ఉబ్బిన కళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఇన్ని ఇళ్ల అన్నమూ ఆ ఒక్క గొంతులోనే దిగుతోంది. తల్లి ఒళ్లోని గిన్నెలో కూడా మెతుకులు తరుగుతున్నాయి.

"తల్లీ," అంది ఆమె తెరకేసి. "నువ్వూ ఎవరో కన్న బిడ్డవే. ఇక చాలించమ్మా. ఈ గిన్నె ఒక్కటి దీనికి వదిలెయ్యి."

బుగ్గల పిల్ల దవడలు ఆగిపోయాయి. నోట్లోది కష్టంగా మింగి, పళ్లేన్ని పక్కకు నెట్టింది. గిన్నెలో అన్నం తరగడం ఆగింది. రెండు ముద్దలకు సరిపడా మిగిలింది.

కూతురు పొట్ట పట్టుకుని ముడుచుకుపోయింది.

"అమ్మా, లోపల ఏదో మెలిపెడుతోంది."

"అదే ఆకలి," అంది తల్లి.

మొదటి ముద్ద వెనక్కి వచ్చేసింది. రెండోది గొంతులో చాలాసేపు నిలిచి, మెల్లగా దిగింది. తెర మీద ఆ పిల్ల రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కన్నార్పకుండా ఆ గొంతునే చూస్తూ కూర్చుంది.